సాలూరు లారీ, ఈ-వే బిల్లు, మధ్యలో ఒక స్క్రీన్

విజయనగరం నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద, ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు వచ్చే ఊరు సాలూరు. పాత లెక్కలో ఆ రోడ్డు నంబరు 43. వేగావతి ఒడ్డున ఉన్న ఊరు. బొబ్బిలి నుంచి రైలు పట్టాలు వేసి ఉన్నా, సాలూరుకి పేరు తెచ్చింది మాత్రం లారీయే.

ఆ ఊళ్లో లారీ బాడీలు కట్టే షెడ్లున్నాయి. ఎప్పుడైనా కాసేపు నిలబడి చూడండి, బాగుంటుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు లారీ ముస్తాబై రాదు. ఇంజను, చక్రాలు, పొడుగాటి రెండు ఉక్కు పట్టాలు. దాన్నే చాసిస్ అంటారు. దాని మీద తొట్టి కట్టేది, పక్క చెక్కలు బిగించేది, తలుపులు పెట్టేది, రంగులు వేసేది, వెనక నాలుగు మంచి మాటలు రాసేది ఇక్కడి పనివాళ్లు. ఒకప్పుడు క్యాబిన్ కూడా షెడ్డులోనే కట్టేవారు. చాసిస్ మోస్తుంది, బాడీ సరుకుని పట్టుకుంటుంది. ఆ రెండింటినీ కలిపేది క్లాంపులూ బోల్టులూ. పట్టాలకు ఇష్టమొచ్చిన చోట కన్నాలు వేయొద్దు, వెల్డింగు చేయొద్దు, మేం చెప్పిన చోటే బిగించండి అని కంపెనీలు బాడీ కట్టేవాళ్లకి ముందే చెబుతాయి.

ఈ రోజు నేను మాట్లాడబోయేది కంప్యూటర్ల గురించి. లారీలతో మొదలుపెట్టాడేమిటి అనుకోకండి. మీ ఫోన్‌లో టికెట్ తీసుకున్నా, కరెంటు బిల్లు కట్టినా, గ్రామ సచివాలయంలో సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టినా, అక్కడ కూడా ఒక చాసిస్, ఒక బాడీ ఉంటాయి. మీకు కనిపించే స్క్రీన్, అందులోని గడులు, బటన్లు, రంగులు, ఇదంతా బాడీ. ఎక్కడో ఊరవతల, చల్లటి గదిలో, సర్వర్ అనే పెద్ద కంప్యూటర్‌లో నడిచే లెక్కల ప్రోగ్రామ్ చాసిస్. ఎవరి ఖాతాలో ఎంత ఉంది, ఏ సీటు ఎవరిది, ఏ బండికి ఏ బిల్లు, ఈ బరువంతా మోసేది అదే. వెనక ఉన్న ఆ ప్రోగ్రామ్‌కీ ముందున్న స్క్రీన్‌కీ బోల్టులు ఎంత గట్టిగా బిగించారన్నదే నా మాట.

ముందుగా గుమాస్తా గురించి చెప్పుకుందాం.

రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ మీదికి వచ్చింది 1986 ప్రాంతంలో, ఢిల్లీలో. తర్వాత దేశంలోని కేంద్రాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపే ప్రోగ్రామ్ తయారు చేశారు. దాని పేరు కాన్సర్ట్. 1994లో అది మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. అప్పటి కౌంటర్ గుర్తుందా? అద్దం వెనక గుమాస్తా. ఆయన ముందు నల్లటి తెర, దాని మీద మెరిసే అక్షరాలు. బొబ్బిలికి రెండు టికెట్లు కావాలండీ అంటారు మీరు. ఆ యంత్రానికి బొబ్బిలి అంటే తెలియదు. వి.బి.ఎల్. అని కొట్టాలి. విజయనగరం అయితే వి.జెడ్.ఎం. ఇవన్నీ గుమాస్తా నాలుక చివర ఉండేవి. మీరు ఫారంలో వయసు రాయడం మరిచిపోతే ఆయన కాగితం వెనక్కి తోసేవాడు. ఆ రైల్లో బెర్తులు లేవు, మర్నాటిది చూడమంటారా అని అడిగేవాడు కూడా. విసుక్కుంటూ అడిగేవాడు, కానీ అడిగేవాడు.

2002లో రైల్వే టికెట్లు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. బెర్తుల లెక్క చూసే ప్రోగ్రామ్ అదే, వెనక అలాగే ఉంది. ఈ దారిలో మాత్రం కౌంటర్ లేదు. గుమాస్తా లేడు. ఆయనకు తెలిసినవన్నీ ఇప్పుడు స్క్రీన్‌కి తెలియాలి. మీరు "బొ" అని కొట్టగానే కింద బొబ్బిలి అని చూపించాలి. తేదీ తప్పు పెడితే అక్కడే చెప్పాలి. వయసు మరిచిపోతే ఆ గడి ఎర్రబడాలి. చిన్న పనుల్లా కనిపిస్తాయి. ఒక మనిషి ఇరవై ఏళ్ల అనుభవాన్ని స్క్రీన్‌లో పెట్టడమండీ ఇది. ఈ పనిని సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫ్రంటెండ్ అంటారు. వెనక ఉన్నది బ్యాకెండ్. మన పిల్లలు చాలామంది చేస్తున్న ఉద్యోగం ఇదే. ఇంట్లో అడిగితే "ఏదో సాఫ్ట్‌వేరు" అంటారు. ఇకనుంచి ముందా, వెనకా అని అడగండి.

వెబ్ పేజీ మొదట్లో ఇంత చురుకైనది కాదు. ఏ బటన్ నొక్కినా పేజీ మొత్తం తెల్లబోయేది. మళ్లీ మొదటి నుంచి నిండేది. తొంభైల చివర్లో మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌లో ఒక చిన్న సదుపాయం పెట్టింది. పేజీ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, వెనకనుంచి సర్వర్‌ని అడిగి కావలసిన ముక్క మాత్రం తెచ్చుకుంటుంది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దాని సత్తా లోకానికి తెలిసింది. మ్యాప్‌ని వేలితో లాగుతుంటే కొత్త ఊళ్లు వచ్చి చేరుతుంటాయే, అదే. మధ్యలో ఫ్లాష్ అని ఒకటి తళుక్కుమంది. ఎన్నో కంపెనీలు తమ స్క్రీన్లన్నీ దానితోనే కట్టుకున్నాయి. 2020 డిసెంబరు 31తో దాన్ని ఆపేశారు. స్క్రీన్లు మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. వెనక లెక్కల ప్రోగ్రాములకి మాత్రం ఆ గొడవ పట్టలేదు. చాసిస్ బాగుంటే బాడీ మార్చుకోవచ్చు, సాలూరు వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు లారీ ఎక్కుదాం.

విశాఖపట్నంలో సరుకు ఎక్కించుకుని ఒక సాలూరు లారీ రాయపూర్ బయల్దేరింది అనుకోండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటింది. అంటే ఈ-వే బిల్లు ఉండాలి. ఇది జీఎస్టీతో వచ్చిన పద్ధతి. ఇదివరకు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరేవి. పి.కోనవలస దగ్గర కాగితాల కట్ట పట్టుకుని క్లీనర్ పరిగెత్తేవాడు. జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. కాగితాల పని కంప్యూటర్ మీదికి వెళ్లింది.

ఈ బిల్లులో రెండు భాగాలు. మొదటిది 'ఎ' భాగం: సరుకేమిటి, విలువెంత, ఎవరు పంపుతున్నారు, ఎవరికి చేరాలి. రెండోది 'బి' భాగం: లారీ నంబరు. మళ్లీ చెబుతున్నాను. 'ఎ' అంటే సరుకు. 'బి' అంటే బండి.

ఎందుకిలా విడగొట్టారు? బండి మారవచ్చు కనుక. మన లారీ ఘాట్ రోడ్డు మీద, సుంకి దగ్గర మలుపులో ఆగిపోయింది. గేర్‌బాక్స్ పోయింది. ఇంకో లారీ తెప్పించి లోడు మార్చారు. సరుకు అదే, వ్యాపారి అతనే, మారింది బండి నంబరు ఒక్కటే. అప్పుడు 'బి' భాగంలో కొత్త నంబరు వేస్తే చాలు, బిల్లు నంబరు మారదు. 'ఎ' భాగాన్ని మాత్రం ముట్టుకోనివ్వదు. అందులో తప్పు పడితే 24 గంటల లోపు బిల్లు రద్దు చేసుకుని కొత్తది తీసుకోవాల్సిందే. దారిలో సరుకు విలువ తగ్గించి రాసుకునే వీలు లేదన్నమాట.

ఇక్కడ ఆగి ఆలోచించండి. 'ఎ' భాగం మార్చకూడదన్న కట్టుబాటు ఎక్కడుండాలి? స్క్రీన్‌లోనా, వెనక ప్రోగ్రామ్‌లోనా? స్క్రీన్‌లో ఆ గడిని మూసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. స్క్రీన్ మీ ఫోన్‌లో ఉంటుంది, మీ చేతిలో ఉంటుంది. కాస్త తెలివైన కుర్రాడు ఎవరైనా దాన్ని పక్కన పెట్టి, తిన్నగా సర్వర్‌కే సందేశం పంపగలడు. కాబట్టి కట్టుబాటు వెనకే ఉండాలి. స్క్రీన్ చేసే తనిఖీ మర్యాద కోసం. మీ సమయం వృథా కాకుండా ముందే చెప్పడం కోసం. కాపలా పని మాత్రం వెనక ప్రోగ్రామ్‌ది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే: మర్యాద ముందు, కాపలా వెనక.

ఈ-వే బిల్లు మొదటి రోజు ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరి 1. దేశమంతా ఆ రోజు నుంచి తప్పనిసరి అన్నారు. పొద్దుటే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో, గోడౌన్లలో అందరూ ఒక్కసారిగా కూర్చున్నారు. పోర్టల్ కూలబడింది. బిల్లు లేకుండా బండి కదలకూడదు, బిల్లు ఇచ్చేది పలకదు. ఆ రోజే ప్రభుత్వం వాయిదా వేసింది. మళ్లీ ఏప్రిల్ 1న రాష్ట్రాల మధ్య రవాణాకి మొదలుపెట్టారు. రాష్ట్రం లోపలి రవాణాకి విడతలుగా తెచ్చారు. ఏప్రిల్ 15న మొదటి విడతలో చేరిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి.

స్క్రీన్ ఎంత ముచ్చటగా ఉన్నా వెనక మోసే శక్తి లేకపోతే ఇంతే. ఎంత బరువు పడుతుందో ముందే లెక్క కట్టాలి. రైల్వే వాళ్లు ఈ పాఠం చాలా ఏళ్లు నేర్చుకున్నారు. 2014లో కొత్త ఈ-టికెట్ వ్యవస్థ తెచ్చినప్పుడు, నిమిషానికి రెండు వేల టికెట్లు ఇవ్వగలిగేది ఏడు వేలకు పైగా ఇస్తుందని చెప్పారు. తత్కాల్ గంట కొట్టగానే దేశంలో ఎంతమంది ఒక్క బటన్ మీద వేలు పెడతారో ఊహించుకోండి.

తత్కాల్ అన్నాను కాబట్టి ఒక సంగతి. స్క్రీన్ మీద "1 బెర్తు ఉంది" అని కనిపిస్తుంది. గబగబా పేర్లు కొట్టి డబ్బు కట్టేసరికి వెయిటింగ్ లిస్టు! మోసం అనిపిస్తుంది. మోసం కాదండీ. మీరు చూసేసరికే ఆ మాట పాతబడిపోయింది. మీరు చూసినప్పుడు ఒక బెర్తు నిజంగానే ఉంది. మీతోపాటు ఇంకో వెయ్యిమంది కూడా దాన్నే చూశారు. వెనక ప్రోగ్రామ్ మాత్రం ఆ బెర్తుని ఒక్కరికే ఇవ్వగలదు. ముందు చేరినవాడికి తాళం వేసి ఇచ్చేస్తుంది. స్క్రీన్ మీద కనిపించేది ఎప్పుడూ కాస్త వెనకటి మాటే, ఒక క్షణమో, పది క్షణాలో. మంచి స్క్రీన్ ఈ సంగతి దాచదు. "ఇప్పుడే మారింది, ఇప్పుడు వెయిటింగ్ లిస్టు ఇంత, తీసుకుంటారా?" అని డబ్బు కట్టక ముందే అడుగుతుంది. చెడ్డ స్క్రీన్ డబ్బు తీసుకున్నాక చెబుతుంది.

ఇక ఘాట్ మీద సిగ్నల్ కథ. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

సాలూరు దాటి కొండ ఎక్కుతుంటే ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే తగ్గుతాయి. మలుపు తిరిగితే వస్తుంది, ఇంకో మలుపు తిరిగితే పోతుంది. పాచిపెంట కొండల మీది గూడేల్లోనూ ఇదే పరిస్థితి. మన లారీ ఆ ఘాట్ మీదే ఆగిపోయిందన్నాను కదా. డ్రైవరు ఫోన్‌లో కొత్త బండి నంబరు కొట్టి, బటన్ నొక్కాడు. స్క్రీన్ మీద చక్రం గుండ్రంగా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ఇంతలో సిగ్నల్ పోయింది.

ఇప్పుడేం జరిగి ఉండొచ్చు? ఆ సందేశం అసలు సర్వర్‌కి చేరి ఉండకపోవచ్చు. లేదా చేరింది, సర్వర్ పని పూర్తి చేసింది, "అయిపోయింది" అనే జవాబు మాత్రం తిరిగి వచ్చేటప్పుడు దారిలో పోయింది. డ్రైవరుకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తిరిగే చక్రం. అంతే.

లారీ నంబరైతే ఇంకోసారి కొట్టినా నష్టం లేదు. అదే నంబరు మళ్లీ పడుతుంది. డబ్బైతే? డీజిల్ పోయించుకుని ఫోన్‌తో 5,000 కట్టాడు. చక్రం తిరుగుతోంది. బంకు కుర్రాడు "రాలేదండీ" అంటాడు. మళ్లీ నొక్కాడు. సిగ్నల్ వచ్చాక చూస్తే 10,000 పోయింది.

దీనికి మందు ఉంది, పాతదే. మీరు బటన్ నొక్కగానే స్క్రీన్ ఆ పనికి ఒక ప్రత్యేకమైన నంబరు వేస్తుంది. మళ్లీ పంపినా అదే నంబరుతో పంపుతుంది. వెనక ప్రోగ్రామ్ చూస్తుంది: ఈ నంబరు పని నేను ఇందాకే చేశాను కదా, మళ్లీ చేయను, పాత జవాబే ఇస్తాను అంటుంది. అప్పుడు మీరు పదిసార్లు నొక్కినా పని ఒక్కసారే జరుగుతుంది. మళ్లీ చెబుతున్నాను: ఒక పనికి ఒక నంబరు. ఎన్నిసార్లు నొక్కినా ఒక్కసారే. ఇది ముందున్నవాళ్లు ఒక్కరే చేయలేరు, వెనకున్నవాళ్లు ఒక్కరే చేయలేరు. ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోవాలి. అదే నేను మొదట చెప్పిన బోల్టు.

రెండోది, స్క్రీన్ అబద్ధం చెప్పకూడదు. వెనక ప్రోగ్రామ్ ఔనన్నాకే ఇది ఔననాలి. ఈ మధ్య ఒక పోకడ చూస్తున్నాను. వేగంగా ఉన్నట్టు కనిపించాలని, జవాబు రాకముందే పచ్చటి టిక్కు చూపించేస్తారు. స్నేహితుడి ఫొటోకి లైక్ కొట్టినప్పుడైతే సరే, అది పోయినా ఎవరి కొంపా మునగదు. కానీ అప్పుల వాయిదా కట్టినప్పుడు, రేషన్ తీసుకున్నప్పుడు, ధాన్యం అమ్మిన రసీదు దగ్గర ఈ ఆట పనికిరాదు. "పంపించాను, జవాబు కోసం చూస్తున్నాను" అని నిజం చెబితే జనం ఓపిక పడతారు. మన్యం మనుషులకి ఓపిక గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్లు అడిగేది నిజం.

మూడోది, సిగ్నల్ లేనప్పుడు కూడా పని ఆగకుండా చూడటం. ఇప్పటి బ్రౌజర్లలో ఆ శక్తి ఉంది. మీరు నింపిన ఫారం ఫోన్‌లోనే దాచుకుంటుంది. సిగ్నల్ తగలగానే పంపుతుంది. సర్వే కోసం గూడేనికి నడిచి వెళ్లే ఉద్యోగి, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త, వీళ్ల చేతిలో పెట్టే యాప్ ఇలా ఉండి తీరాలి. మొత్తం నింపాక "నెట్‌వర్క్ లేదు" అని అంతా తుడిచిపెట్టే ఫారం ఒకటి తగిలితే తెలుస్తుంది ఆ బాధ. ఒకసారి గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు కోసం నేనూ పడ్డాను. ఏ కంపెనీదో చెప్పను. చివరి గడిలో ఉండగా అంతా మాయం.

ఈ-వే బిల్లు తయారు చేసినవాళ్లు ఇక్కడ ఒక మంచి పని చేశారు. వెబ్‌సైటు పెట్టారు, యాప్ పెట్టారు, పెద్ద కంపెనీలు తమ లెక్కల ప్రోగ్రాముల నుంచే తిన్నగా కలుపుకునే దారి ఇచ్చారు. వీటితోపాటు మామూలు ఎస్సెమ్మెస్ దారి కూడా పెట్టారు. బటన్ల ఫోన్ నుంచి ఒక సందేశం పంపినా బిల్లు పుడుతుంది. వెనక ప్రోగ్రామ్ ఒక్కటే, ముందు దారులు నాలుగు. 2025 జనవరిలో మన రాష్ట్రంలో మొదలైన మన మిత్ర కూడా ఈ వరసలోదే. ఇదివరకు మీసేవకో, సచివాలయానికో వెళ్లి అడిగిన సేవల్ని వాట్సాప్‌లో అడగొచ్చు. లెక్కలు అవే, శాఖలు అవే. ముందు నిలబడి పలికేది మారింది.

ఈ పనిలో ఉన్న పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని స్క్రీన్ కడతారు. వాళ్ల దగ్గర కొత్త ల్యాప్‌టాప్, గాలికంటే వేగంగా పరిగెత్తే నెట్. అక్కడ అంతా తళతళలాడుతుంది. బొమ్మలు కదులుతాయి, పేజీలు జారుతూ వస్తాయి. అదే స్క్రీన్ ఐదేళ్ల కిందటి ఫోన్‌లో, ఒక్క గీత సిగ్నల్‌తో తెరిస్తే? సోకుల కోసం పెట్టిన సరంజామా అంతా దిగేసరికి ఫోన్ వేడెక్కుతుంది, డేటా కరిగిపోతుంది. మంచి బాడీ అంటే బరువైన బాడీ కాదు. అద్దాలూ తోరణాలూ ఎక్కువైతే మోసుకెళ్లే సరుకు తగ్గుతుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పేరు.

చాలా ఫారాల్లో మొదటి గడి ఫస్ట్ నేమ్, రెండో గడి లాస్ట్ నేమ్. రెండోది నింపకపోతే ముందుకి కదలనివ్వదు. మనకి ఇంటిపేరు ముందు ఉంటుంది. స్కూల్లో దాన్ని ఒక్క అక్షరానికి కుదించి రాస్తారు. ఆధార్‌లో పూర్తిగా రాస్తారు, పాన్‌కార్డులో అటుదిటు చేస్తారు. పెళ్లయిన ఆడవాళ్లకి ఇంటిపేరు మారితే అదో కథ. ఇక కొండదొర, జాతాపు గిరిజన కుటుంబాల్లో, పేరు నమోదు చేసిన గుమాస్తా తనకి వినిపించినట్టు రాసి ఉంటాడు. ఇవన్నీ ఒకే మనిషివి. కానీ వెనక ప్రోగ్రామ్ అక్షరం అక్షరం పోల్చి "సరిపోలలేదు" అంటుంది. స్క్రీన్ ఆ మాటని ఇంగ్లీషులో, ఎర్రటి అక్షరాల్లో చూపిస్తుంది. పింఛను ఆగిపోతుంది.

తప్పు ఎవరిది? ఫారం కట్టినవాడు పరదేశపు పేర్ల పద్ధతిని అరువు తెచ్చుకున్నాడు. పేరుకి ఒకే గడి ఇచ్చి, "మీ ఆధార్‌లో ఉన్నట్టే రాయండి" అని తెలుగులో ఒక్క వాక్యం పెట్టి ఉంటే సగం తిప్పలు తప్పేవి. సరిపోలకపోతే ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో, ఏ ఆఫీసుకి ఏ కాగితం పట్టుకెళ్లాలో చెబితే మిగతా సగం కూడా తప్పేది. వెనక ప్రోగ్రామ్ కఠినంగా ఉండటంలో అర్థం ఉంది. దాని కఠినమైన మాటని మనిషికి అర్థమయ్యేలా చెప్పడం స్క్రీన్ పని. కౌంటర్ వెనక గుమాస్తా చేసిన పని అదే.

"సర్వర్ లేదండీ." మన సచివాలయాల్లో, బ్యాంకుల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదేనేమో. నిజానికి సర్వర్ ఎక్కడికీ పోదు. దారి తెగి ఉండొచ్చు, బరువు ఎక్కువై ఉండొచ్చు, మధ్యలో ఇంకో శాఖ ప్రోగ్రామ్ జవాబు ఇవ్వకపోయి ఉండొచ్చు. మూడింటికీ ఒకే మాట వాడటం వల్ల మూడింట్లో ఏదీ బాగుపడదు. స్క్రీన్ సరిగ్గా చెబితే ఉద్యోగి సరిగ్గా చెబుతాడు. "ఆధార్ వైపు జవాబు రావట్లేదు, మీ దరఖాస్తు మాత్రం నమోదైంది, ఇదిగో నంబరు, మళ్లీ రావక్కర్లేదు" అని చెప్పగలిగితే, కొండ దిగి ఆటో కిరాయి పెట్టుకుని వచ్చిన మనిషికి ఒక రోజు కూలీ మిగులుతుంది.

సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి ఇంజినీరింగు చదువుతున్న పిల్లలు ఎవరైనా ఇది వింటుంటే, మీకొక మాట. ముందు పని నేర్చుకోండి, వెనక పని కూడా నేర్చుకోండి. ఒకటే తెలిసినవాడికి రెండోవాడి కష్టం తెలియదు. మీరు కట్టిన స్క్రీన్‌ని పండక్కి ఊరొచ్చినప్పుడు ఘాట్ బస్సులో కూర్చుని తెరిచి చూడండి. పాత ఫోన్‌లో చూడండి. చదువు అంతగా రాని మీ పెద్దమ్మ చేతికిచ్చి, మీరేమీ మాట్లాడకుండా పక్కన కూర్చోండి. ఆవిడ వేలు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మీ పని మిగిలి ఉంది.

మిగతా శ్రోతలకి కూడా పనికొచ్చే మాట ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. ఫోన్‌తో డబ్బు కట్టాక చక్రం తిరుగుతూ ఉండిపోతే, వెంటనే రెండోసారి కట్టకండి. ముందు మీ లావాదేవీల జాబితా తెరిచి, ఆ చెల్లింపు పెండింగ్‌లో ఉందో, అయిపోయిందో, ఫెయిల్ అయిందో చూడండి. దాని రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. యూపీఐలో మీ ఖాతాలో డబ్బు తగ్గి అవతలివాళ్లకి చేరకపోతే, దాన్ని వెనక్కి వేయాల్సిన గడువుని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే నిర్ణయించింది. మనిషికి పంపినదైతే మర్నాటికల్లా. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లో. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. మళ్లీ చెబుతున్నాను, రోజుకి 100 రూపాయలు. రాకపోతే ఆ రిఫరెన్స్ నంబరు పట్టుకుని మీ బ్యాంకుకి వెళ్లి అడగండి.